మాచిపత్రి నీళ్ళకు అరగంట

చియాయి ఊళ్ళో ఎన్నికలొస్తే అభ్యర్థి ఒళ్ళు అభ్యర్థిది కాదు. పొద్దున్నే చావింట్లో అగరుబత్తి పట్టుకుని వంగాలి. మధ్యాహ్నం పెళ్ళి విందులో బల్లబల్లకూ తిరిగి గ్లాసెత్తాలి. సాయంత్రం గుడి ఊరేగింపులో చెమటోడ్చాలి. ఎప్పుడెక్కడికి పోవాలో చెప్పే యాప్ ఒకటి తయారుచేసింది బీయున్. వీధి విందులు వండే వంటాయన కూతురు, కంప్యూటర్ పని సొంతంగా నేర్చుకున్న మనిషి.

కౌన్సిల్‌కు నిలబడ్డ చువాంగ్ ఆ యాప్ పెట్టుకున్నాడు. ఆయన ప్రచారం నడిపే హోక్ బాబాయికి మాత్రం అది గిట్టదు. గోడ మీద తెల్లబోర్డు ఉండగా ఇదెందుకంటాడు.

"చూడమ్మాయ్, ఒక్క తేడా వచ్చిందా, నీ యాప్ చెత్తబుట్టలోకే. ముందే చెబుతున్నా."

"సరే బాబాయ్. నీ బోర్డుకి దుమ్ము పట్టింది, తుడిచి ఉంచుకో మరి."

ఆ శనివారం యాప్ దగ్గరి దారి చూసుకుంది. సందుకు ఈ చివర చావు గుడారం, ఆ చివర పెళ్ళి గుడారం. ఒకదాని వెంట ఒకటి వేసేసింది. చావింటి నుంచి నేరుగా పెళ్ళింటికి పోకూడదని బీయున్‌కు తెలియదా? వాళ్ళమ్మ నూరిపోసి పెంచింది. కానీ యాప్ రాసేటప్పుడు చావైనా పెళ్ళైనా ఆమెకు ఒక చోటు, ఒక వేళ, అంతే.

చువాంగ్ లోపలికి అడుగుపెట్టబోతుంటే పెళ్ళికూతురి నాయనమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. చావింటికి వచ్చినవాళ్ళందరికీ పంచిన తువాలు ఆయన జేబులోంచి తొంగిచూస్తోంది.

"ఏం నాయనా, మైల మోసుకొచ్చి నా మనవరాలికి చదివింపులు చదివిస్తావా?"

"తప్పైపోయిందమ్మా."

"తప్పంటే మైల పోతుందా? పో, మాచిపత్రి నీళ్ళు పోసుకుని రా. ఓట్లకున్న తొందర ఒళ్ళు కడుక్కోవడానికి లేదే నీకు!"

బల్లల దగ్గర నవ్వులు. హోక్ బాబాయ్ తమ వెనకే వచ్చిన బీయున్‌ను ఒక్క చూపు చూశాడు. అప్పుడే బోర్డు తుడిచే గుడ్డ వెతుక్కుంటున్నట్టుంది ఆ చూపు.

బీయున్ చువాంగ్‌ను బండెక్కించి, గుడి వెనక మాచిపత్రి కట్ట కొని, ఆయన ఇంటికి తీసుకుపోయింది. ఆయన స్నానం చేసి, చొక్కా మార్చుకుని తిరిగొచ్చేసరికి విందులో ఆఖర్న పెట్టే పళ్ళు కూడా అయిపోయాయి. ఇంక గ్లాసెత్తడానికి ఎవరున్నారు? జనం మిగిలిన చేపా కోడీ సంచుల్లో కట్టుకుని లేస్తున్నారు.

చువాంగ్ ఏం చెయ్యాలో తోచక గుడారం గుమ్మంలోనే నిలబడిపోయాడు. పోయేవాళ్ళంతా ఆయన ముందునుంచే పోవాలి. ఒక చేతిలో సంచి, రెండో చెయ్యి ఆయన చేతిలో. మామూలుగా సగం బల్లలు తిరగకుండానే ఇంకో చోటికి పరిగెత్తే మనిషికి ఆ రోజు ఒక్కరూ తప్పిపోలేదు. చివర్న నాయనమ్మ వచ్చి ఆయన చొక్కా వాసన చూసింది.

"ఊఁ, ఇప్పుడు మనిషిలా ఉన్నావు" అని తీపి ఉండ ఒకటి చేతిలో పెట్టింది.

బండెక్కాక హోక్ బాబాయ్ కిటికీలోంచి చూస్తూనే బీయున్‌తో అన్నాడు.

"పెళ్ళిళ్ళకి ఇకనుంచి విందు ఆఖర్నే వెయ్యి."

"యాప్‌లోనా, బోర్డు మీదా?"

"బోర్డు మీద ఇవన్నీ చెరిపి చెరిపి ఎవడు రాస్తాడే!"

బీయున్ ఇంటికెళ్ళి చావులకు తెల్లరంగు, పెళ్ళిళ్ళకు ఎర్రరంగు వేసింది. తెలుపు తర్వాత ఎరుపొస్తే మధ్యలో 'మాచిపత్రి నీళ్ళు, అరగంట' అని దానంతటదే పడేట్టు రాసింది. ఆ అరగంటను ఏ అభ్యర్థీ, ఏ బాబాయీ తీసెయ్యకుండా తాళం కూడా వేసింది.