బెంగళూరులో ఆయన తిన్న అన్నం

"ధరలు తగ్గేదాకా నువ్వూ పాపా మీ ఊళ్లో ఉండండి" అని చెప్పి మా ఇంటాయన నన్ను పుట్టింట్లో దిగబెట్టి వెళ్లిపోయాడు. ఆ మాట నమ్మింది మా నాయన ఒక్కడే. నేను కూడా పూర్తిగా నమ్మలేదు.

మాది మైసూరు సీమలో పావగడకూ వై.ఎన్.హొసకోటకూ నడుమ ఒక చిన్న పల్లె. రాగులు, ఉలవలు, వాన కురిస్తే వేరుశనగ. మా ఇంటాయనది కూడా ఆ పక్కే. పొలం అన్నదమ్ములకే చాలక, పెళ్లికి ముందే బెంగళూరు పోయి బట్టల మిల్లులో చేరాడు. పెళ్లయ్యాక నన్నూ తీసుకుపోయాడు. నడుమ వాకిలి, చుట్టూ వరసగా గదులు, అందరికీ ఒకటే కొళాయి ఉన్న వఠారంలో మాకొక గది. మొదట్లో బాగానే గడిచింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక అంగళ్లలో బియ్యం మాయమైంది. రేషన్ కార్డు మీద ఇచ్చేదాంట్లో సగం రాళ్లు. కట్టెల డిపోలో బరువు కోసం తడిపిన కట్టెలు అమ్మేవాళ్లు. అవి మండేవి కావు, పొగ మాత్రం గదంతా నిండేది. చింతపండు పిసికిన పిప్పిని ఎండబెట్టి, మరుసటి రోజు మళ్లీ నానబెట్టేదాన్ని. పాపకు పాలు మానిపించి రాగిజావ అలవాటు చేశాను. అంత చేసినా గది బాడుగ పెంచేసరికి ఇక నిలబడలేకపోయాం. అప్పుడే ఆయన నన్ను ఊరికి పంపించాడు.

ధరలు పెరిగిన మాట నిజమే. కానీ అవి వఠారంలో అందరికీ పెరిగాయి. ఇంకే మగవాడూ పెళ్లాన్ని పుట్టింటికి పంపలేదు. ఊరికొచ్చే బస్సులో కూర్చున్నప్పుడే ఈ ఆలోచన నా మనసులో పడింది.

మా వదిన అయితే మనసులో కూడా దాచుకోలేదు.

"ధరలంట! ఆయప్ప ఒక్కడికే పెరిగినాయేమో" అంది, నేను నీళ్ల బిందె దించక ముందే.

"అట్లనొద్దు వదినా. నువ్వు ఆడికొచ్చి చూసినావా?"

"చూడలేదు గాబట్టే అడుగుతాండా. నువ్వన్నా చూసినావా, నువ్వొచ్చేసినాక ఏం జరుగుతాందో?"

బావి దగ్గర ఆడవాళ్లు నేను వచ్చేసరికి మాటలు ఆపేసేవాళ్లు. ఒకసారి చేదతాడు వదిలిపెట్టి మరీ నా ముఖం చూశారు. వాళ్లు ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. ఎందుకంటే నేనూ అదే అనుకుంటున్నాను.

మిల్లుకు సెలవు దొరికినప్పుడల్లా ఆయన వచ్చేవాడు. వస్తే పాపను ఎత్తుకునేవాడు, నాయనతో పొలానికి పోయేవాడు, మాట్లాడేవాడు. తప్పు పట్టడానికి ఏమీ ఉండేది కాదు. అందుకే ఇంకా ఎక్కువగా చూసేదాన్ని. వంట మనిషి లేని మగవాడు చిక్కిపోవాలి కదా. ఈయన బుగ్గలు నిండుగా ఉన్నాయి.

"యాడ తింటాండావు?" అని అడిగాను.

"హోటల్లో."

"రోజూనా?"

"రోజూనే. ఏం?"

గదిలో వండుకునే స్తోమత లేకనే కదా నన్ను పంపింది. మరి హోటలుకు ఎక్కడినుంచి వస్తుంది? అడగలేదు. ఇంకోసారి వచ్చినప్పుడు, నేను బెంగళూరు నుంచి బయల్దేరేటప్పటికి మోచేతి దగ్గర చిరిగి ఉన్న చొక్కా చూశాను. లోపలివైపు గుడ్డ పెట్టి, బట్ట రంగు దారంతోనే, నువ్వుగింజంత కుట్లతో కుట్టి ఉంది. వేలితో తడిమితే తప్ప అతుకు తెలియదు. అంత ఓపిక డబ్బులు తీసుకునే దర్జీకి ఉండదు.

"ఎవరు కుట్టినారు?"

"మిల్లులో ఒకడుండాడులే" అని, చొక్కా నా చేతిలోంచి తీసేసుకున్నాడు.

ఆ పర్యాయం ఆయన పొలానికి పోయినప్పుడు సంచి విదిలించాను. పంచె, తువ్వాలు, పాపకు తెచ్చిన బొరుగుల పొట్లం. అన్నిటికంటే కింద నుంచి ఒక రవికె హుక్కు నేల మీద పడింది. మా ఊళ్లో అందరివీ ముడి రవికెలు. నాదీ అంతే. హుక్కుల రవికెలు పట్నపు ఆడవాళ్లు వేసుకునేవి.

దాన్ని కొంగున ముడేసుకున్నాను. ఆయన బెంగళూరుకు తిరిగి పోయేదాకా నోరు తెరవలేదు. పోయాక నాయన ముందు అరచేతిలో పెట్టి చూపించాను. నాయన దాన్ని వెలుతురుకు తిప్పి చాలాసేపు చూశాడు. అల్లుడి మీద ఆయనకు ఉన్న నమ్మకం ఆ కాసేపట్లో పోవడం నేను కళ్లారా చూశాను.

"పోయి చూసొద్దాం పామ్మా" అన్నాడు. "ఇంట్లో ఎవురికీ చెప్పొద్దు. పాపను మీ వదిన కాడ వదులు. ఆసుపత్రికని చెప్దాం."

పావగడలో కొండ కింద బస్సెక్కాం. పెట్రోలు దొరకని రోజులు. వెనకాల బొగ్గు పొయ్యి కట్టిన బస్సు. మధుగిరి దారిలో ఎత్తు వస్తే అందరూ దిగి నడవాల్సి వచ్చేది. ఒకచోట ధాన్యం దాటించకుండా కాపలా పెట్టిన మనిషి బస్సులోకి ఎక్కి, ప్రతి మూటలోకీ ఇనప చువ్వ దూర్చి చూశాడు. మా మూటలో అల్లుడి కోసం నాయన కట్టిన రాగులున్నాయి.

"అమ్మేదానికా?" అన్నాడు.

"తినేదానికి స్వామీ. మా అల్లుడికి."

"బెంగళూరులో అందరికీ అల్లుళ్లే ఉన్నారు" అని సగం రాగులు తీసుకుని దిగిపోయాడు. ఎవరిమీదా కోప్పడే ఓపిక ఆ రోజు నాయనకు లేదు. తుమకూరులో రైలెక్కాం.

మేమున్న వఠారానికి పోయేసరికి మా గది గుమ్మానికి వేరేవాళ్ల తోరణం వేలాడుతోంది. లోపల ఎవరో బిడ్డ ఏడుస్తోంది. కొళాయి దగ్గరున్న పాత పొరుగామె నన్ను గుర్తుపట్టి, "ఆయన నిన్ను పంపిన నెలలోనే ఖాళీ చేసినాడు కదమ్మా, నీకు చెప్పలేదా?" అంది. వెనక సందులో ఎక్కడ ఉంటున్నాడో చెప్పింది. చెప్తూ నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

కట్టెల డిపో మిద్దె మీద పొడుగాటి గది అది. పట్టపగలు నలుగురైదుగురు మగవాళ్లు వరసగా పడుకుని నిద్రపోతున్నారు. మూలనున్నది మా చాప, నేను పెళ్లికి తెచ్చుకున్నది. దాని మీద ఎవరో కొత్త మనిషి పడుకుని ఉన్నాడు. నాయన లేపితే కళ్లు నులుముకుంటూ చెప్పాడు. రాత్రి పని చేసేవాళ్లు పగలు పడుకుంటారు, పగలు పని చేసేవాళ్లు రాత్రి. ఒక్కో చాపకు ఇద్దరు. బాడుగ సగం సగం.

"మరి ఈ పొద్దు ఆదివారం, మిల్లుకు సెలవు గదా, ఆయన యాడికి పోయినాడు?" అని అడిగాడు నాయన.

"ఎవరింట్లో ఉన్నాడో ఏమో. ఆ సందులో చూడండి" అని మళ్లీ పడుకున్నాడు ఆ మనిషి.

ఎవరింట్లో! నాయన నావైపు చూడకుండా మెట్లు దిగాడు.

నాలుగిళ్ల అవతల ఒక ఇంటి అరుగు మీద ఆయన కనిపించాడు. బాసింపట్టు వేసుకుని, తల వంచుకుని కూర్చున్నాడు. ఒళ్లో ఎర్ర రవికె. నోట్లో దారం. గడపలో నడివయసు ఆడమనిషి ఇత్తడి పళ్లెంలో అన్నం పట్టుకుని నిలబడి ఉంది. ఆయన తలెత్తి మమ్మల్ని చూసి లేచాడు. రవికె కింద పడింది.

ముందు మాట్లాడింది ఆమే. కోలారు పక్క తెలుగు.

"మీ ఆడమనిషా? కూచోండి పెద్దాయనా. మీరేమనుకుంటాండారో నాకు అర్థమైంది. ఈయన మా ఇంటికే కాదు, ఈ సందులో అందరికీ కుడతాడు. దర్జీకిచ్చే స్తోమత మాకు లేదు, హోటల్లో తినే స్తోమత ఈయనకు లేదు. ఒక్కోరింట్లో ఒక్కో పూట పెడతాం."

పళ్లెం అరుగు మీద పెట్టి లోపలికి పోయింది. నాయన రవికెను తీసి, మట్టి దులిపి, ఆయన చేతికిచ్చాడు.

"నువ్వు కుట్టేది యాడ నేర్చినావప్పా?"

"గదిలో ముందు ఒక ముసలి దర్జీ ఉండె మామా. నేర్పించినాడు."

"ఆడోళ్ల రవికెలా?"

ఆయన రవికెను మడిచి వీపు వెనక్కు పెట్టుకున్నాడు. అప్పుడు నేను ముందుకొచ్చాను.

"నాకు చెప్పుంటే ఏమైతుండె? ఊళ్లో నువ్వు ఇంకోదాన్ని పెట్టుకున్నావని అంటాండారు. బావికాడ తలెత్తలేకుండా ఉండా. అది నీకు మేలా?"

"అనుకోనీ" అన్నాడు మెల్లగా. "అదన్నా మగోడు చేసే పని అనుకుంటారు. రవికెలు కుట్టి ఇంటింటా అన్నం తింటాండాడంటే మీ ఊళ్లో నేను మళ్లీ అడుగు పెట్టగల్నా?"

నాయన ఒక్కసారిగా నవ్వేశాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. నా కళ్లు ఆ ఇత్తడి పళ్లెం మీదే ఉన్నాయి. అన్నం మీద నెయ్యి ఉంది. ఆ రోజుల్లో బెంగళూరులో కూలి చేసినవాడికి నెయ్యి వేసి పెట్టేదెవరు?

ఎవరికీ చెప్పబోమని ఆయనకు మాటిచ్చి ఊరికి వచ్చాం. మాకు కష్టాలు అప్పుడు మొదలయ్యాయి. ఆసుపత్రి మాట ఎవరూ నమ్మలేదు. వదిన నన్ను పట్టుకుంది.

"బెంగళూరికే పోయినారని నాకు తెలుసు. ఏం చూసినారు?"

"ఏమీ లేదు. బాగుండాడు."

"బాగుంటే నిన్ను ఈడెందుకు పెట్టినాడు?"

నిజం చెప్తే ఆయన పరువు పోతుంది. చెప్పకపోతే నాది పోతుంది. నాది పోగొట్టుకున్నాను. పాపను చూసి "పాపం" అనేవాళ్లు, నేను వినాలనే. పైగా నా సొంత అనుమానం కూడా పూర్తిగా చల్లారలేదు. ఆయన వచ్చినప్పుడల్లా ఎవరెవరింట్లో తింటున్నాడో వరసగా అడిగేదాన్ని. కోలారామె ఇంటి వంతు వచ్చేసరికి ఆయన గొంతు మారుతుందేమోనని వినేదాన్ని. మారినట్టే ఉండేది. ఒక్కోసారి మారనట్టు ఉండేది.

ఇలా ఉంటే పిచ్చి పడుతుందని ఒకరోజు, "నాకూ నేర్పు" అన్నాను.

"ఏంది?"

"కుట్టేది. నేను కుడితే ఎవురూ నవ్వరు గదా."

ఆ తర్వాత ఆయన వచ్చినప్పుడల్లా మధ్యాహ్నం పూట తలుపేసుకుని నేర్చుకున్నాను. కత్తెర చప్పుడు బయటికి వినపడకుండా పాత దుప్పటి కింద పెట్టి కత్తిరించేవాళ్లం. పట్టపగలు మూసిన తలుపును చూసి వదిన ఏమనుకుందో నాకు తెలుసు. ఆ ఒక్క అనుమానం మాత్రం నాకు బాధ కలిగించలేదు.

వేరుశనగ పీకుడు అయిపోయాక పాపను తీసుకుని బెంగళూరు పోయాను. మొత్తం గది తీసుకోలేకపోయాం. ఒక కుటుంబం ఉన్న గదిని చీరతో అడ్డం కట్టి, సగం మాకిచ్చారు. రెండు వైపులవాళ్లం ఒకే పొయ్యి మీద ఒకరి తర్వాత ఒకరం వండుకుని కట్టెలు ఆదా చేసేవాళ్లం. నేను గుమ్మంలో కూర్చుని కుట్టేదాన్ని. ఆయన మిల్లు నుంచి వచ్చాక చీర వెనకాల కూర్చుని కుట్టేవాడు. సందులోవాళ్లు ఇప్పుడు అన్నానికి బదులు రాగిపిండో, ఉప్పో, ఒక్కోసారి కిరసనాయిలో ఇచ్చేవాళ్లు. అలా నెట్టుకొచ్చాం.

కొన్నాళ్లకు కోలారామె ఒక రవికె గుడ్డ పట్టుకుని వచ్చింది.

"నువ్వు గాదమ్మా, మీ ఆయన చేత్తోనే కుట్టించు. ఆయన కుట్టు వేరే" అంది.

"అట్లనే అక్కా" అన్నాను.

ఆయనకు ఆ గుడ్డ చూపించనే లేదు. మూడు మధ్యాహ్నాలు కూర్చుని, ఆయన కుట్టినంత సన్నగా నేనే కుట్టి ఇచ్చాను. ఆమె వేసుకుని, చేతులు పైకెత్తి చూసుకుని, "చూసినావా, ఎంత బాగా కూచునిందో" అని మురిసిపోయింది. నేను తల ఊపి, ఆమె తెచ్చిన నెయ్యి గిన్నె అందుకుని లోపలికి వచ్చాను.