జరీ చీరల మడతల్లో అమ్మ సంగీత పత్రికలు

అమ్మకి పెద్దకర్మ అయిన మర్నాడే నేను కొట్లో కూర్చున్నాను. బెజవాడలో కాలువ పక్క వీధిలో మాది చీరల కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. యుద్ధం రోజులు. నూలు దొరకడం కష్టం, దొరికిన నూలుతో నేసిన చీరలు అమ్మడం మాత్రం కష్టం కాదు. కొట్టు మూస్తే ఊరుకునే రోజులు కావవి.

జరీ చీర మడతపెట్టేటప్పుడు మడతకీ మడతకీ నడుమ కాగితం పరవడం మా వాళ్ళ అలవాటు. జరీ జరీకి రాసుకుంటే నల్లబడుతుంది. దినపత్రిక పనికిరాదు, దాని సిరా చీరకి అంటుకుంటుంది. మద్రాసు నుంచి తెప్పించే పల్చటి తెల్ల కాగితం యుద్ధంతోపాటు రావడం మానేసింది. ఆ రోజు ఉన్న కాస్తా అయిపోయింది. నేను మేడ మీదికి వెళ్ళి, అమ్మ ట్రంకుపెట్టెలో ఉన్న సంగీత పత్రికలన్నీ ఎత్తుకొచ్చాను. నున్నటి కాగితం. ఏళ్ళనాటి అచ్చు, సిరా ఎప్పుడో ఆరిపోయింది. కుట్లు విప్పి, ఏ ఆకుకి ఆ ఆకు విడదీసి, చీరల్లో పెట్టాను. చాలా శ్రద్ధగా పెట్టాను. పెడుతున్నంతసేపూ నాకేమీ అనిపించలేదు. ఎలా చేశావురా అని తర్వాత మా వాళ్ళు చాలామంది అడిగారు. చేతులు చేశాయన్నాను.

ఆ పత్రిక నెలనెలా మద్రాసు నుంచి వచ్చేది. ప్రతి సంచికలో ఒక కీర్తన స్వరాలతో సహా వేసేవారు. పెళ్ళికి ముందు రెండేళ్ళు నేర్చుకున్న సంగీతం తప్ప అమ్మకి గురువు లేడు. పత్రిక చూసే నేర్చుకునేది. ఆవిడకి ఉబ్బసం. పాట పైస్థాయికి వెళ్ళిన చోటల్లా అచ్చు మీద పెన్సిలుతో కొట్టేసి, పక్కన తనకి వీలైన స్వరాలు రాసుకునేది. "అచ్చేసినాయనకి ఊపిరి బాగా ఉన్నట్టుంది, నాకు లేదు మరి" అనేది. ఆవిడ పాడినవేవీ పత్రికలో ఉన్నట్టు ఉండేవి కావు.

ఐదారు నెలలకి మైలవరం నుంచి ఒకావిడ చీర మార్చుకోవడానికి వచ్చింది. "దీపం ముందు ఒక రంగు, ఎండలో ఇంకో రంగండీ" అంటూ చీర విప్పి దులిపింది. మడతలోంచి ఒక ఆకు జారి నా ఒళ్ళో పడింది. మార్జిను నిండా అమ్మ చేతిరాత. నేను దాన్ని జేబులో పెట్టుకుని ఆవిడకి ఇంకో చీర చూపించాను. పచ్చది తీసుకుంది.

ఆ సాయంత్రం చెల్లెలికి నిజం చెప్పాల్సివచ్చింది. దానికప్పుడు పద్నాలుగేళ్ళు. అమ్మ దానికి మోహన రాగంలో ఒక పాట నేర్పుతూ, పల్లవి, అనుపల్లవి అయ్యాక మంచం పట్టింది. చరణం మిగిలిపోయింది. అది రోజూ పొద్దున ఆ పాట మొదలుపెట్టేది, అనుపల్లవి దాకా పాడి ఆగిపోయేది. మిగతాది నేర్చుకుందామని ఆ రోజే ఆ సంచిక కోసం ట్రంకుపెట్టె తెరిస్తే ఖాళీగా ఉందట. నేను చెప్పింది విని, "చరణం కూడానా అన్నయ్యా?" అని మాత్రం అడిగింది. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. పొద్దున పాట మాత్రం మానలేదు. అనుపల్లవి తర్వాత అది ఆగగానే నేను చొక్కా వేసుకుని కొట్లోకి దిగిపోయేవాణ్ణి.

ఆ చరణం ఎలాగైనా తెచ్చివ్వాలని బయల్దేరాను. చీరలు కొన్నవాళ్ళలో నాకు తెలిసినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళాను. నాన్నకి అది నచ్చలేదు. "అమ్మిన చీర చూపించమని ఇంటికెళ్ళి అడిగితే చీరలో లోపముందనుకుంటారురా" అన్నాడు. ఆయన అన్నట్టే అయింది. ఇద్దరు చీరలు తిరిగిచ్చేశారు. ఒకావిడ ఆకుల్ని పొయ్యి రాజెయ్యడానికి వాడేసింది. ఇంకొకావిడ ఆవకాయ జాడీల కింద పరిచింది. నూనెలో స్వరాలు ఒక్కటీ కనబడలేదు. "పిచ్చి కాగితాల కోసం ఎండన పడి వచ్చావా బాబూ" అని మజ్జిగ ఇచ్చింది. పాత పుస్తకాలమ్మేవాళ్ళ దగ్గరికీ వెళ్ళాను. కాగితం కరువులో పాత పత్రికలన్నీ పచారీ కొట్లలో పొట్లాలైపోయాయని చెప్పారు. మొత్తం మీద ఎనిమిది ఆకులు దొరికాయి. మోహన వాటిలో లేదు.

చివరికి ఉయ్యూరు నుంచి వచ్చిన ఒక బేరగాడు, తమ ఊళ్ళో హార్మోనియాలు బాగుచేసే సాయిబుగారి దగ్గర ఆ పత్రిక మొదటి సంచిక నుంచీ ఉందని చెప్పాడు. మర్నాడే, పెట్రోలు కరువులో బొగ్గుతో నడిచే బస్సెక్కాను. అమ్మ రాసుకున్న ఆకు ఎలాగూ దొరకదు. అచ్చు దొరికితే చాలు, అమ్మ ఎక్కడ మార్చేదో నాకు తెలుసు, నేను సరిచేసి చెప్పగలను అనుకున్నాను. పదేళ్ళు రోజూ విన్న పాట కదా, ఎక్కడికి పోతుందనుకున్నాను.

సాయిబుగారు సంచికల్ని ఏడాదికొక కట్టగా గోనెగుడ్డలో కుట్టి పెట్టుకున్నారు. చెల్లెలి కోసమని నేను చెప్పిన పాట క్షణంలో తీశారు.

"ఇంటికి ఇవ్వనండీ, ఏమనుకోవద్దు. ఇచ్చినవేవీ తిరిగి రాలేదు. కూర్చుని రాసుకోండి."

రాసుకున్నాను. నాకు స్వరాలు రాయడం అలవాటు లేదు, స్థాయి తెలిపే చుక్కలు ఎక్కడివక్కడ పెట్టలేదు. ఆయన నా కాగితం చూసి నవ్వారు. "రాత తప్పైతే పాప తప్పు నేర్చుకుంటుందండీ. వినండి." ఆయన హార్మోనియం మీద చరణం వాయిస్తుంటే నేను దిద్దుకున్నాను. ఏడెనిమిదిసార్లు వాయించారు. టీ ఇప్పించారు. ఇంకోసారి వాయించారు. మంచి మనిషి. మర్చిపోతానేమోనన్న భయంతో తిరుగు బస్సులో బెజవాడ దాకా ఆ చరణం లోలోపల అనుకుంటూనే వచ్చాను.

చెల్లెలు రెండు రోజుల్లో నేర్చుకుంది. మూడో రోజు సాయంత్రం పాడుతుంటే నాన్న మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చరణంలో పాట పైషడ్జం మీదికి, పై 'స' మీదికి, ఎక్కి నిలిచింది.

"మీ అమ్మ ఇక్కడ పైకెళ్ళేది కాదు గదరా" అన్నాడు.

"అవును నాన్నా. దాని కింది ధైవతం దగ్గరే ఆగి దిగేది."

"ఎలా దిగేది? నువ్వు రోజూ వినేవాడివి. చెప్పు దానికి."

అందుకోసమే కదా అచ్చు తెచ్చింది. నోరు తెరిచాను. ధైవతం దాకా వచ్చాను. ఆ తర్వాత నా గొంతు తనంతట తనే పైషడ్జానికి వెళ్ళిపోయింది, సాయిబుగారు వాయించినట్టే. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అక్కడికే వెళ్ళింది. కళ్ళు మూసుకుని అమ్మ గొంతు గుర్తు తెచ్చుకున్నాను. అమ్మ గొంతు వినిపించింది, కానీ అది కూడా పైకే వెళ్ళింది. బతికుండగా ఆవిడ ఏనాడూ అందుకోలేని షడ్జాన్ని హాయిగా అందుకుంది.



"రావడం లేదు నాన్నా" అన్నాను.

"పోనీలే. ఇలాగే పాడమ్మా, బాగానే ఉంది" అని చెల్లెలితో చెప్పి కిందికి వెళ్ళిపోయాడు.

చెల్లెలు మళ్ళీ మొదటి నుంచి అందుకుంది. పల్లవి, అనుపల్లవి, ఎక్కడా ఆగకుండా చరణం. నేను గోడకి ఆనుకుని కూర్చుని విన్నాను. ఏడుపు అప్పుడూ రాలేదు. కానీ అమ్మ పోయిందని నాకు తెలిసింది ఆ సాయంత్రమే.