ఆకువక్క సంచికి ధర్మకర్త

ఈ రోజు మా నాయన చిత్తూరు వెళ్లి, మామిడితోటకు వీలునామా రాయాలా, ట్రస్టు పెట్టాలా అని వకీలును అడిగి వచ్చాడు. వీలునామా ఆయన పోయాకే అమలవుతుందట. ట్రస్టయితే తోట ఇప్పుడే ధర్మకర్త చేతికి పోతుందట, ఫలం మాత్రం ఆయన బతికున్నంతకాలం అనుభవించవచ్చట.

నాయనకు ట్రస్టే నచ్చింది. కానీ ముందు పరీక్షించి చూద్దామని తన ఆకువక్క సంచి అమ్మకిచ్చి, "దీనికి నువ్వే ధర్మకర్తవి" అన్నాడు. అమ్మ సంచిని నడుముకు దోపుకుంది.

అన్నం తిన్నాక నాయన చెయ్యి చాపాడు. అమ్మ ఆకూ వక్కా పెట్టింది.

"పొగాకు యాడ?"

"అది నీకు మంచిది కాదు. నీ మంచి సూసేదానికే గదా నన్ను పెట్టినావు?"

"సంచి నాది!"

"నీదే. కాదని ఎవరన్నారు?"

నాయన నావైపు చూశాడు. నేను దూలాలు చూశాను.

"తోటకు వీలునామానే. ఈ ట్రస్టు రద్దు!" అని అరిచాడు.

"రద్దు చెయ్యొచ్చని వకీలు చెప్పినాడా?" అంది అమ్మ.

ఆ ఒక్కటీ అడగడం నాయన మరిచిపోయాడు.

సంచి ఇంకా అమ్మ నడుముకే ఉంది. ట్రస్టు రద్దుచేసే దారి మీలో ఎవరికైనా తెలిస్తే త్వరగా చెప్పండి. పొగాకు పడితే గాని నాయన నిద్రపోడు, మమ్మల్నీ నిద్రపోనివ్వడు.