చూసినదే రాసిన నర్సమ్మ

మా ఎదురింటి నర్సమ్మ మంగళవారం ఉదయం పోయింది. పాడె కట్టే వేళకు వీధి నిండింది. వచ్చినవాళ్లలో సగంమంది మూడేళ్లుగా ఆమె గడప తొక్కనివాళ్లు. వాళ్ల దండలు చూసి ఒళ్లు మండి ఇది రాస్తున్నాను.

ఆసుపత్రిలో డ్యూటీ మారేటప్పుడు తర్వాతి నర్సు కోసం రాసే నోటుబుక్కులో ఆమె ఊహను రానిచ్చేది కాదు. నేను కాలు విరిగి అక్కడ ఉన్నప్పుడు, పక్క మంచం మనిషి తాగి పడ్డాడని కొత్త నర్సు రాస్తే కొట్టేయించింది. "పడింది నువ్వు చూసినావా? వాసన వస్తే వాసన వచ్చిందని రాయి, చాలు." ఇంటి దగ్గరా అదే ధోరణి. నాకు విసుగొచ్చేది.

మూడేళ్ల కిందట, మిల్లులో పనిచేస్తున్న ఒడిశా పిల్లను అధికారులు విడిపించి పిల్లల హోంలో ఉంచారు. నాలుగో రోజు ఆ పిల్ల చనిపోయింది. శవాన్ని ఆసుపత్రిలో దించుకున్నది నర్సమ్మే. దుప్పటి పొట్టిదై పాదాలు బయటపడితే కట్టుగుడ్డ తెచ్చి కప్పిందట. పిల్ల చేతుల మీద గాయాలున్నాయన్న మాట సాయంత్రానికి మా రాజపాళయమంతా పాకింది. హోం వార్డెనే కొట్టి చంపిందని తీర్పు చెప్పేశాం. పక్కనున్న మంసాపురంలో వార్డెన్ ఇంటి మీద రాళ్లు పడ్డాయి. ఆమెను అరెస్టు చేయాలన్న అర్జీ రాసింది నేను. మొదటి సంతకం ఆ మిల్లు సొంతదారు ముతలాళిది. దాన్ని నర్సమ్మ దగ్గరికి తీసుకుపోయాను.

"గాయాలు చూసినావు కదమ్మా, సంతకం పెట్టు."

"గాయాలు చూసినాను అన్నా. కొట్టింది చూడలేదు. చూసింది రాసిచ్చినాను. రిపోర్టు రానీ."

"అంతలోపల ఆమె తప్పించుకుంటే?"

"ఆమె కాదని తేలితే, పగిలిన పెంకులు నువ్వు పోయి కప్పొస్తావా?"

పిరికిదానివన్నాను. ఆమె అమ్ముడుపోయిందని ఊరంది. పెళ్లిపత్రికలు ఆమె గుమ్మం తప్పించి పక్కింటికి పోయాయి.

ఏడు నెలలకు విచారణ రిపోర్టు వచ్చింది. గాయాలు అంతకుముందే మిల్లులో యంత్రం బెల్టు తగిలి అయినవి. ప్రాణం తీసింది ఊపిరితిత్తుల్లో ముదిరిన జబ్బు. ఆసుపత్రికి పంపుతానని వార్డెన్ రెండుసార్లు ఫోన్ చేస్తే, సోమవారం చూద్దామన్నాడు పై అధికారి.

ఇక ఊరు భగ్గుమంటుందనుకున్నాను. ముతలాళి "పాపం, విధి" అన్నాడు. మిగతావాళ్లు ఆ మాత్రం కూడా అనలేదు. అధికారికి ప్రమోషన్ వచ్చింది.

రిపోర్టు నకలు పట్టుకుని నర్సమ్మ ఒక్కతే కలెక్టరాఫీసుకు పోయింది. తిరిగొస్తూ నా అరుగు దగ్గర ఆగింది.

"నేను ఆగింది వదిలేసేకి కాదన్నా, తిట్టాల్సినవాణ్ణి తిట్టేకి. ఆ రోజు వీధి పట్టనంత మంది ఉంటిరి. ఇప్పుడు రండి అంటే ఒక్కరూ రారే! మీ కోపమంతా సుమ్మా, ఉత్త కూతలేనా?"

మరుసటి వారం ఆమె మళ్లీ బయలుదేరితే, నేను వెంట పోలేదు. ఆమె ఆఖరి దాకా పోతూనే ఉంది.

మంగళవారం మంసాపురం బస్సు దిగి వార్డెన్ వచ్చింది. దండ తేలేదు. ఆ అర్జీ రాసిన చేత్తోనే కుర్చీ జరిపాను. కూర్చోలేదు. నర్సమ్మ మీద కప్పిన కొత్త చీర పాదాల దగ్గర తొలగిపోయి ఉంది. అంతమందిమీ చూస్తూ నిలబడ్డాం. ఆమె వంగి, అంచు లాగి, రెండు పాదాలూ కప్పింది.