ఏసుమణి తీసిన కప్ప ఫొటో

మా ఆవిడ ఏసుమణి మొండిది. ఈ పరాయిదేశంలో మేముంటున్న పెండిల్ హిల్‌లో మమ్మల్ని ఎరిగినవాళ్లెవరినడిగినా ఇదే చెబుతారు. వృద్ధాశ్రమంలో నర్సుగా ఎనిమిది గంటలు నిలబడి వచ్చి, కాసేపైనా కూర్చోకుండా పాత ఇటుకబట్టీ వెనక ఉన్న నీటిగుంట దగ్గరికి పోయేది. అక్కడ బంగారు చారలున్న ఆకుపచ్చ కప్పలు పట్టపగలే జమ్ము మీదికెక్కి ఎండలో కూర్చునేవి. ఏ రోజు ఎన్ని కనిపించాయో డైరీలో రాసుకునేది. కప్పలకు బాప్తిస్మం ఎప్పుడని చర్చిలో మనవాళ్లు ఆటపట్టిస్తే, ముందు మీరు మారుమనసు పొందండి అనేది.

1990 నవంబరులో ఆ గుంటను పూడ్చి కార్లు నిలిపే స్థలం చేస్తామని కౌన్సిల్, అంటే ఇక్కడి మునిసిపాలిటీ, బోర్డు పెట్టింది. అభ్యంతరాలకు రెండు వారాల గడువు. ఈ జాతి కప్పలు తగ్గిపోతున్నాయని మణి లైబ్రరీలో చదివి, ఆఫీసుకు వెళ్లి చెప్పింది. అవి అక్కడున్నట్టు ఆధారం తెమ్మన్నారు.

ఆధారమంటే ఫొటో. ఫొటో అంటే నేను. తెనాలిలో మా నాన్న స్టూడియోలో పదిహేనేళ్లు పనిచేసినవాణ్ణి. ఇక్కడ బిస్కెట్ ఫ్యాక్టరీలో పడ్డాను గానీ, పని మరిచిపోలేదు. ఒక కప్పను స్టీలు డబ్బాలో ఇంటికి తెప్పించాను. వెనక తెల్ల దుప్పటి కట్టి, రెండువైపులా లైట్లు పెట్టి, పాస్‌పోర్టుకు తీసినట్టు తీశాను. ఒక్కో చారా లెక్కపెట్టొచ్చు! మణి సాయంత్రానికల్లా కప్పను మళ్లీ గుంటలో వదిలేసింది.

కౌన్సిల్ ఆఫీసరు ఫొటోను మెచ్చుకున్నాడు. మెచ్చుకుని, ఈ కప్ప ఎక్కడిదని అడిగాడు. దుప్పటి తప్ప ఇంకేమీ కనిపించడం లేదన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. పాడు స్టూడియో బుద్ధి, మనిషి వెనకున్నదంతా దాచెయ్యడమే కదా నేను నేర్చుకున్నది.

గడువు ఇంక నాలుగు రోజులే ఉంది. మణి తిడుతుందనుకున్నాను, తిట్టలేదు.

"ఆ కెమెరా ఇటివ్వండి. ఎట్టా తియ్యాలో చెప్పండి, నేనే దిగుతా."

"షిఫ్ట్ చేసొచ్చి నీళ్లలో దిగుతావా? జ్వరమొస్తే?"

"వస్తే నర్సునేగా, నేనే చూసుకుంటా."

మూడు రోజులు దిగింది. నడుముదాకా నీళ్లు, బురద, జలగలు. దగ్గరికి జరిగేలోపే కప్ప బుడుంగున మునిగేది. మూడోరోజు వాన కూడా పట్టుకుంది. గట్టుమీద గొడుగు కింద నాకు కోపం, భయం రెండూనూ. ఇక చాలు, రమ్మని కేకేశాను. చెయ్యెత్తి ఊరుకోమంది. వాన తెరిపిచ్చి కాస్త ఎండ పొడ కనిపించాక, ఆమెకు బారెడు దూరంలో ఒక కప్ప జమ్ము మీదికెక్కింది. ఒక్కటే క్లిక్.

ఫొటో కడిగించి చూస్తే ఏముంది, అంతా వంకర. కప్ప ఒక మూలకు పోయింది, దాని కాలు సగం జమ్ము చాటున. వెనక మాత్రం గుంట, గట్టు, ఇటుకబట్టీ పొగగొట్టం స్పష్టంగా ఉన్నాయి. నేనిలాంటిది తీసి ఉంటే నాన్న చించి పారేసేవాడు.

ఆఫీసరు ఫొటోలోని పొగగొట్టం మీద వేలు పెట్టి, ఇది ఆ గుంటేనన్నాడు. కప్పల సర్వే అయ్యేదాకా పూడ్చడం ఆపుతామన్నాడు. ఫైలు తెరిచి, ఫొటోగ్రాఫర్ పేరు రాయమంటూ కాగితం నావైపు తోశాడు. నేను దాన్ని ఏసుమణి ముందుకు జరిపాను.