సుబ్బులక్కకు వచ్చిన కార్డు

నేను దయ్యాలను నమ్మను. డెబ్బై తొమ్మిదేళ్ళు వచ్చాయి, ఇప్పటికీ నమ్మను. వయసులో ఉన్నప్పుడు పందెం వేసుకుని ఒక రాత్రంతా శ్మశానంలో పడుకుని, పొద్దున్నే వేపపుల్ల నములుకుంటూ ఇంటికి వచ్చినవాణ్ణి. ఇక చేతిరాత సంగతంటారా, నేను చదవలేని రాత ఈ పల్నాడులో లేదు. పన్నెండో ఏటికే మా తాత పక్కన కూర్చుని గొలుసుకట్టు గడగడా చదివేశాను.

పై పేరాలో రెండు అబద్ధాలున్నాయి. చిన్నది ఇప్పుడే ఒప్పుకుంటాను. శ్మశానంలో పడుకున్నది పగలు. ఎండకు తాళలేక అక్కడి చెట్టుకింద కాసేపు నడుం వాల్చాం. నాతో ఇంకో ఇద్దరున్నారు. రెండో అబద్ధం పెద్దది. దాన్ని ఒప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

గొలుసుకట్టు అంటే ఈ కాలంవాళ్ళకు తెలియదు. కలం ఎత్తకుండా ఒక అక్షరాన్ని ఇంకో అక్షరానికి ముడివేసుకుంటూ పోయే పాతకాలపు రాత అది. మాటకూ మాటకూ మధ్య జాగా ఉండదు, తలకట్లు ఉండవు. కరణాలూ గుమాస్తాలూ అలా రాసేవారు. అలవాటు లేనివాడికి చీమలబారులా కనిపిస్తుంది.

గురజాలలో పాత కాగితాలు దాచే గది ఒకటి పెట్టారు. మేడమీద రెండు గదులు, ఇనప బీరువాలు. రాజుల శాసనాలు కావు, మామూలు మనుషుల కాగితాలు. ఊళ్ళలో ట్రంకుపెట్టెల అడుగున పడి ఉన్న ఉత్తరాలు, శుభలేఖలు, బడి సర్టిఫికెట్లు, పశువుల సంత చీటీలు. దాన్ని చూసుకునే ఆవిడ పేరు గ్రేసమ్మ, నలభై ఏళ్ళుంటాయి. గొలుసుకట్టు కాగితం తగిలినప్పుడల్లా నాకు ఫోన్ చేస్తుంది. నేను బస్సెక్కి వెళ్ళి, ఆమె ఫోన్‌లోకి పైకి చదువుతాను. ఆమె తర్వాత అది విని కంప్యూటర్‌లో ఎక్కిస్తుంది. అసలు కాగితం బీరువాలోకి పోతుంది. ఇక దాన్ని చదవగలిగేవాడు పుట్టేదాకా నేను చదివిందే నిజం.

మొన్న మార్చిలో ఒక మధ్యాహ్నం ఆమె నా ముందు ఒక కవరు పెట్టింది. పైన పేరు చూడగానే నా చేతులు ఆగిపోయాయి. అది మా ఊరి సుబ్బులక్క పెట్టెలోది. అక్క పోయి ఆరేళ్ళయింది. కూతురు కోటమ్మ ఆ కాగితాలన్నీ తెచ్చి ఇక్కడ ఇచ్చిందట.

కవరులో ఒకటే పోస్టుకార్డు. నాలుగు మూలలా పసుపు. ఆ పసుపు అక్క పూస్తుంటే నేను పక్కనే ఉన్నాను.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి.

నాకు ఇరవై ఏళ్ళప్పుడు మా ఊళ్ళో ఉత్తరాలు పంచే పని దొరికింది. పంచడమే కాదు, చదువురానివాళ్ళకు చదివి పెట్టడమూ నా పనే. ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చుని నా నోటివంక చూస్తుంటే ఆ గర్వమే వేరు. నాకు రాని రాత లేదని ఊరంతా చాటుకున్నాను. నిజానికి అచ్చు అక్షరాలూ, బడిపిల్లల రాతా తప్ప నాకు ఏమీ రాదు. అదృష్టం కొద్దీ ఉత్తరాలన్నీ దాదాపు ఒకేలా ఉండేవి. ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాము, వానలు బాగున్నాయి, పండక్కి వస్తాము. సగం తెలిస్తే మిగతా సగం అల్లేయవచ్చు.

సుబ్బులక్క మా వీధిలోనే ఉండేది, కోటమ్మ అప్పటికి చిన్నపిల్ల. తల్లీతండ్రీ లేరు, పుట్టింటివైపు ఉన్నది ఒక్క తమ్ముడు, వెంకటేశు. కృష్ణ అవతల మిర్యాలగూడెంలో బియ్యం మిల్లులో పనికి వెళ్ళాడు. బల్లకట్టు మీద ఏరు దాటి బస్సెక్కితే పొద్దుగూకే లోపల చేరే దూరం. ఒకరోజు అతని దగ్గర నుంచి కార్డు వచ్చింది. అతనికీ చదువు రాదు, మిల్లులో ముసలి గుమాస్తా చేత రాయించాడు. మొత్తం గొలుసుకట్టు.

"ఒరేయ్, మా తమ్ముడు ఏం రాశాడ్రా?" అంటూ అక్క తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. వెనకాల ఇంకో నలుగురు.

కార్డు మీద 'అక్క' అన్న ఒక్క మాట తప్ప నాకు ఏదీ అంతుబట్టలేదు. రాదు అని చెప్పాలి. పక్క ఊళ్ళో ముసలి కరణంగారు ఉన్నారు, ఆయన చేత చదివించుకో అక్కా అనాలి. నలుగురి ముందు ఆ మాట నా నోటికి రాలేదు. గొంతు సవరించుకుని చదివాను. "ఇక్కడ నేను క్షేమం అక్కా. మిల్లులో పని బాగుంది. పండక్కి వస్తాను."

నేను ఒక్కో మాట చదివినప్పుడల్లా అక్క "ఊఁ" అంటుంది. ఎవరేం చెప్పినా ఆమె అలాగే ఊ కొడుతూ వింటుంది. అయిపోయాక లోపలికి వెళ్ళి పసుపు తెచ్చి, మంచి కబురు గదా అని, కార్డు మూలలకు పూసింది. నా చేతిలో ఒక బెల్లంముక్క పెట్టింది. తిన్నాను.

పన్నెండో రోజున రెండో కార్డు వచ్చింది. ఈసారి రాత విడివిడిగా, బడిరాతలో ఉంది. ఒకటే వాక్యం. వెంకటేశు పోయాడు, కార్యక్రమాలు ఇక్కడే జరిపించాము. చావు కబురు ఇంట్లో ఉంచకూడదు గనక, చదవగానే చింపి వీధిలో పారేశాను. ఆ ముక్కల పక్కనే అక్క కూలబడింది. "మొన్ననే గదరా బాగున్నానని రాశాడు! మొన్ననే గదరా!" అని నా కాళ్ళు పట్టుకుని ఊపింది. ఆ మాట నాకు ఇప్పటికీ వినపడుతూనే ఉంటుంది. ఇది దయ్యం సంగతి కాదు, మామూలుగానే.

ఆ తర్వాత ఏడాదిపాటు ఆదివారం ఆదివారం ఆ పక్క ఊరి కరణంగారి దగ్గరకు వెళ్ళి గొలుసుకట్టు నేర్చుకున్నాను. మా తాతకు వేలిముద్ర తప్ప ఏమీ రాదు.

దీపావళి వెళ్ళిన రెండో రోజు అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ చేతి అన్నం తినాలంటారు గదా, నేర్చుకోవడం అయిన ఏడు ఆ రోజున అక్క నన్ను పిలిచింది. "ఇంకెవరున్నార్రా నాకు, నువ్వే తమ్ముడివి, కూర్చో," అంది. గారెలు, గోంగూర, పెరుగు. తిన్నాక పెట్టెలోంచి ఆ కార్డు తీసింది. "మావాడి ఆఖరు మాట. ఒక్కసారి చదువు," అంది.

అప్పుడు చదవగలిగాను. అందులో ఉన్నది ఇది.

"మహాలక్ష్మీ సమానురాలైన అక్కకు తమ్ముడు వెంకటేశు నమస్కరించి వ్రాయించునది. నాకు పదిహేను దినములుగా జ్వరము. అన్నము దిగుట లేదు. గుమాస్తా గారు దయతో ఈ కార్డు వ్రాయుచున్నారు. నిన్ను చూడవలెనని ఉన్నది. ఇది అందిన వెంటనే బయలుదేరి రావలెను. నీవు వచ్చువరకు ఉందుననియే అనుకొనుచున్నాను."

నేను చదివింది మాత్రం, "ఇక్కడ నేను క్షేమం అక్కా. మిల్లులో పని బాగుంది."

ఊఁ, అంది అక్క.

యాభై ఏళ్ళ పైన ఇలాగే జరిగింది. ఏటా అన్నం, ఏటా కార్డు, ఏటా అబద్ధం. సుబ్బులక్క అమాయకురాలు, ఏది చదివితే అది నమ్మేది. కళ్ళు పోయాక కూడా కార్డు తడిమి నా చేతిలో పెట్టేది. ఆ నిజం తెలియకుండానే పోయింది.

సరే, ఆ మధ్యాహ్నానికి వస్తాను. క్రోసూరు నుంచి ఎవరో ఆటోలో కాగితాల మూట తెచ్చారని గ్రేసమ్మ కిందికి వెళ్ళింది. "మీరు చదువుతుండండి బాబాయ్ గారూ," అని ఫోన్ ఆన్‌చేసి నా ముందు పెట్టి పోయింది. గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను.

నోరు తెరవగానే పాత అలవాటే వచ్చింది. "ఇక్కడ నేను క్షేమం అక్కా." అని ఆగాను. యాభై ఏళ్ళు అక్కడ ఆగి, ఊఁ అన్నాక ముందుకు వెళ్ళేవాణ్ణి. ఇప్పుడు ఏమీ వినపడలేదు, ఫ్యాను చప్పుడు తప్ప. "మిల్లులో పని బాగుంది." మళ్ళీ ఆగాను. ఏమీ లేదు.

ఇంకో వాక్యం చదివితే అయిపోతుంది. గ్రేసమ్మ దాన్ని ఎక్కిస్తుంది, కార్డు బీరువాలోకి పోతుంది. రమ్మని పిలిచి ఎదురుచూస్తూ పోయినవాడు, ఎప్పటికీ పండక్కి వస్తానని రాయించినవాడుగా మిగిలిపోతాడు. నేను పోయాక దిద్దేవాడు కూడా ఉండడు.

కళ్ళజోడు తీసి తుడుచుకుని మొదటినుంచి ఎత్తుకున్నాను, నమస్కారం దాటి అసలు సంగతికి వచ్చాను. "నాకు పదిహేను దినములుగా జ్వరము."

ఊఁ.

నా ఎడమపక్క నుంచి, కింద నేలమీద కూర్చున్న మనిషి నోరు ఉండే ఎత్తు నుంచి వచ్చింది. గ్రేసమ్మ వచ్చి కూర్చుందనుకున్నాను. కార్డు మీంచి కళ్ళు తీయకుండా చదువుతూ పోయాను. అన్నము దిగుట లేదు. ఊఁ. నిన్ను చూడవలెనని ఉన్నది. ఊఁ. వాక్యం వాక్యానికీ వచ్చింది. చివరి వాక్యానికి మాత్రం వెంటనే రాలేదు. నీవు వచ్చువరకు ఉందుననియే అనుకొనుచున్నాను, అని చదివి చాలాసేపు ఆగాను. అప్పుడు వచ్చింది, సన్నగా.

తల తిప్పి చూస్తే ఎవరూ లేరు.

కాసేపటికి గ్రేసమ్మ లోపలికి తొంగిచూసింది. "ఆవిడ వెళ్ళిపోయారా బాబాయ్ గారూ?"

"ఎవరమ్మా?"

"అదే, మీరు చదువుతుంటే ఊ కొడుతున్నారు గదా ఎవరో పెద్దావిడ. మధ్యలో రావటం ఎందుకని మెట్లమీదే ఆగా. ఎటు పోయారు? దిగితే నా పక్కనుంచే దిగాలి గదా."

ఆ మేడకు ఒకటే మెట్లదారి. ఇద్దరం కూర్చుని ఫోన్‌లో రికార్డయింది విన్నాం. నా గొంతు ఉంది. ప్రతి వాక్యం తర్వాతా ఖాళీ ఉంది. ఆ ఖాళీలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. గ్రేసమ్మ రెండోసారి పెట్టి వింది. తర్వాత మెడలో శిలువ పట్టుకుని కూర్చుంది.

ఈ సంగతి మా ఊరి టీబంకు దగ్గర చెప్పినప్పుడు ఫ్యాను ఆగిపోయిందన్నాను, గది మంచులా చల్లబడిందన్నాను, కార్డు తడిసిందన్నాను. అవన్నీ నేను కల్పించినవి. ఫ్యాను తిరుగుతూనే ఉంది, చెమట కారుతూనే ఉంది, ఎక్కడో మిరపకాయలు ఎత్తుతున్నారేమో ఇద్దరికీ దగ్గు వస్తూనే ఉంది. ఆ ఊఁ మాత్రం నేను కల్పించలేదు. నా ఒక్కడికే అయితే చెవుల ముసలితనం అనుకునేవాణ్ణి. ఫోన్‌కు వినపడనిది మెట్లమీద ఉన్న మనిషికి ఎలా వినపడిందో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యాలను నమ్మనని మళ్ళీ చెబుతున్నాను. అదేమిటని మాత్రం నన్ను అడగవద్దు.

ఇదంతా రాశాక అచ్చుకు ఇచ్చే ముందు కోటమ్మకు చదివి వినిపించాలనిపించింది. కార్డులో ఉన్నది ఆమెకు తెలియాలి. నన్ను తిట్టే హక్కు కూడా ఇప్పుడు ఆమెదే. నేను వెళ్ళేసరికి కల్లంలో ఎండుమిరపకాయల రాశి పక్కన కూర్చుని, రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. ఇక్కడి దాకా చదివాను. వింటున్నంతసేపూ ఆమె చేతులు ఆగలేదు. ఊ కూడా కొట్టలేదు.

అయిపోయాక ఒక తాలుకాయను దూరంగా విసిరి, "అమాయకురాలని రాశావేంది మావా?" అంది.

నేను కాగితాలు మడవబోయాను.

"తెలవకుండానే పోయిందని రాశావు, అది కొట్టెయ్. నువ్వు ఆదివారం ఆదివారం కరణంగారింటికి ఎందుకు పోతన్నావో ఊళ్ళో చిన్నపిల్లలకు గూడా తెలుసు. అప్పుడు నేర్చుకుంటన్నాడంటే అంతకుముందు రానట్టే గదా అనుకుంది మా అమ్మ. కార్డు కొంగున కట్టుకుని ఆ కరణంగారి దగ్గరికే పోయి చదివిచ్చుకుంది. నువ్వు మొదటిసారి అన్నానికి రాకముందే. నేనూ పక్కనే ఉన్నా, చిన్నదాన్ని. వచ్చేటప్పుడు దారంతా ఏడ్చింది."

"మరి నన్నెందుకు పిలిచింది?" అన్నాను.

"నువ్వే చెబుతావని. వాడి నోటితో వాడు చెబితే చాలు, ఇంకేం అననే అంది నాతో. ఈ ఏడు చెబుతాడు, ఈ ఏడు చెబుతాడు అని యాభై ఏళ్ళు పెట్టింది నీకు అన్నం. నువ్వు తిని, చెయ్యి కడుక్కుని పోయావు."

మళ్ళీ తలవంచి కాయలు ఏరుకోసాగింది.