తూటాలు ఎంచుకోవడానికి వెళ్లిన ఓలీటా

ఓలీటా స్టబుల్‌ఫీల్డ్ బడి వంటింట్లో రొట్టెలు కాల్చి కాల్చి రిటైరైన మనిషి. ఊళ్లో సగం మంది ఆమె చేతి తిండి తిని పెరిగినవాళ్లే. షెరీఫ్ అంతటివాడు కూడా ఆమె ఎదురుపడితే టోపీ తీసి, "మిస్ ఓలీటా, ఆ దాల్చిన చెక్క రొట్టెలు ఇంకెప్పుడూ చెయ్యరా?" అని దీనంగా అడుగుతాడు. ఆమె పెళ్లి చేసుకోలేదు. చేసుకోకూడదని ఒట్టేమీ పెట్టుకోలేదు. తీరిక దొరకలేదు, అంతే. ముందు అమ్మ జబ్బు, తరవాత బడి, ఆ తరవాత మొగుడు పోయిన అక్క జెనీవా వచ్చి చేరడం.

ఓక్లహామా తూర్పు కొండల కింద అక్కచెల్లెళ్లిద్దరిదీ ఒక ట్రైలర్ ఇల్లు, చక్రాల మీద తెచ్చి నిలబెట్టే రేకుల ఇల్లు. దాని గోడలు ఎంత పల్చనంటే, జెనీవా తన గదిలో తుమ్మితే ఓలీటా తన మంచం మీంచే "దేవుడు చల్లగా చూడాలి" అనేది.

మే నెలలో ఒక మధ్యాహ్నం పక్కింట్లో దొంగలు పడ్డారు. టీవీ పోయింది, పడవ మోటారు పోయింది, ఫ్రీజర్‌లో దాచుకున్న జింక మాంసం కూడా పోయింది.

"మాంసం కూడా వదల్లేదే! వాళ్లు దొంగలు కాదు, రాక్షసులు" అని జెనీవా బీరువా మీంచి పాత బిస్కట్ల డబ్బా దించింది. అందులో వాళ్ల హోయిట్ బాబాయి వదిలిపోయిన రివాల్వరు, పచ్చగా చిలుము పట్టిన కొన్ని తూటాలు ఉన్నాయి.

"ఏమే, ఇవి పేల్తాయంటావా?"

"పేలకపోతే విసిరి కొడదాంలే అక్కా."

విసిరి కొట్టే పని లేకుండా, మర్నాడు పొద్దున్నే రివాల్వరు చేత పట్టుకుని దాణా కొట్టుకి వెళ్లారు. ఆ కొట్లో కోళ్ల మేత ఒకవైపు, ఫ్రిజ్‌లో చేపల ఎరకి వానపాములు, గాజు అరల వెనక తూటాలు. తలుపు పక్కన బెంచీ మీద డోయిల్ అనే పెద్దమనిషి కాఫీ కప్పుతో కూర్చుని ఉంటాడు. అతను అక్కడ ఉద్యోగి కాదు, ఊరికే ఉంటాడు.

"మాగ్నమ్ తూటాలు తీసుకోండి మిస్ ఓలీటా. ఒక్కటి పేల్చారంటే దొంగ పక్క రాష్ట్రం ఆర్కాన్సాలో తేల్తాడు" అన్నాడు డోయిల్.

"ఆమె తుపాకిలో మాగ్నమ్ పట్టదు. నువ్వు కాఫీ తాగు డోయిల్" అన్నాడు కౌంటర్ వెనక మనిషి.

అతను ఎల్డన్ ప్రూయిట్. పొడుగ్గా, సన్నగా, కంచె గుంజకి చొక్కా తొడిగినట్టుంటాడు. భార్య పోయిన దగ్గర్నుంచి మాటలు తగ్గించేశాడని ఊళ్లో చెప్పుకొనేవారు. రివాల్వరు తెరిచి, ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, గొట్టంలోకి టార్చి వేసి చూశాడు. అప్పుడు అడిగాడు.

"మీరు మంచం మీంచి గుమ్మం వైపు గురిపెడితే, ఆ గుమ్మం వెనక ఏముంటుంది?"

"వంటిల్లు."

"దాని వెనక?"

"మా అక్క గది."

"ఆవిడ మీకు కావాలా?"

ఓలీటా పక్కనున్న అక్క వైపు చూసింది. "కాస్త ఆలోచించుకుని చెప్పొచ్చా?"

"నేనిక్కడే ఉన్నాను!" అంది జెనీవా, హ్యాండ్‌బ్యాగు కౌంటర్ మీద ఠప్పున పెట్టి.

డోయిల్‌కి కాఫీ ముక్కులోకి పోయింది. ఎల్డన్ మాత్రం నవ్వలేదు, చెవులు ఎర్రబడ్డాయంతే. మూడు తూటాల పెట్టెలు తీసి వరసగా పెట్టాడు. ఒకటి గుండ్రటి ముక్కుది, అడ్డం వచ్చినవన్నీ దూసుకుంటూ పోతుంది. రెండోదానికి ముక్కులో గుంట. తగిలినచోట విచ్చుకుని తొందరగా ఆగుతుంది. మూడోదీ గుంట ముక్కుదే గానీ, మందు ఎక్కువ దట్టించినది, గాడిదలా తంతుంది.

"ఏదైనా సరే, గురి తప్పితే మీ గోడల్ని లెక్కచెయ్యదు. అంచేత మీ చేతికి లొంగేది కావాలి. అది నేను చెప్పేది కాదు, మీ చెయ్యే చెప్పాలి. ఆదివారం చర్చి అయ్యాక మా కంకర గోతికి రండి."

ఆ మాటలు విని డోయిల్ నోరు తెరిచాడు. ఎల్డన్ ఒక్క రోజులో అంత మాట్లాడగా అతను వినలేదు.

ఆదివారం వెళ్లేసరికి గోతిలో నీళ్లు నింపిన ప్లాస్టిక్ పాల డబ్బాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. చివర ఒక చెక్క, దాని మీద సుద్దముక్కతో ఒక ఆడమనిషి బొమ్మ, జుట్టు వంకీలు తిప్పుకునే చుట్టలతో సహా.

"అదెవరు?" అంది జెనీవా అనుమానంగా.

"మీరేనండి. కొలత కోసం" అన్నాడు ఎల్డన్.

చెవులకి తొడుగులు పెట్టుకుని, ఓలీటా ముందు గుండ్రటి ముక్కుది పేల్చింది. డబ్బాలన్నిటి నుంచీ నీళ్లు చిమ్మాయి. గుండు అక్కడితో ఆగక సుద్ద జెనీవా ముక్కులోంచి బయటికి పోయింది.

"నన్ను చంపేశావే!" అని జెనీవా కేకపెట్టింది.

ఓలీటా తుపాకి బల్ల మీద పెట్టి, బల్లని పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. మందు ఎక్కువ దట్టించినది పాత తుపాకికి మంచిది కాదని ఎల్డన్ తన కొత్త రివాల్వరు ఇచ్చాడు. అది పేలగానే ఆమె చెయ్యి జివ్వుమంది, గుండు డబ్బాలన్నిటినీ వదిలేసి ఎక్కడో కంకరలో దిగింది. "దొంగ బతికిపోయాడు, నేనే పోయాను!" అంటూ చెయ్యి విదిలించుకుంటూ గిర్రున తిరిగింది. మళ్లీ నవ్వు.

ఆఖరికి బాబాయి తుపాకిలోనే గుంట ముక్కుది పెట్టింది. చెయ్యి కొంచెం ఎగిరి, బుద్ధిగా మళ్లీ గురి మీదికి వచ్చింది. మొదటి డబ్బా బాంబులా పగిలి ముగ్గురినీ తడిపేసింది. గుండు వరస మధ్యలో ఒక డబ్బాలోనే ఆగిపోయింది. ఎల్డన్ వెళ్లి ఆ డబ్బా కోసి, పువ్వులా విచ్చుకున్న సీసం ముక్కని ఆమె అరచేతిలో పెట్టాడు. అతని టోపీ అంచుల నుంచి నీళ్లు ముక్కు మీద కారుతున్నాయి. ఓలీటా అది చూసి మళ్లీ పడీ పడీ నవ్వింది. అప్పుడు ఎల్డన్ కూడా నవ్వాడు. చాలా రోజులుగా వాడని నవ్వు, ముందు కీచుమంది, తరవాత గోయి మారుమోగిపోయింది.

"ఇదే నాది" అంది ఓలీటా గుప్పిట మూసి.

"వచ్చే ఆదివారం ఇంకోసారి చూసుకుంటే మంచిది" అన్నాడు ఎల్డన్. "తొందరపడి తేల్చుకునే సంగతి కాదు."

వేసవంతా తేల్చుకుంటూనే ఉన్నారు. పుచ్చకాయల్ని పేల్చారు, ముదిరిన గుమ్మడికాయల్ని పేల్చారు. పేల్చనివాటిని కోసుకుని ట్రక్కు వెనక కూర్చుని తిన్నారు. ఓలీటా దాల్చిన చెక్క రొట్టెలు మళ్లీ కాల్చడం మొదలుపెట్టింది. అద్దం ముందు ఈల వేస్తూ జుట్టు దువ్వుకుంటుంటే జెనీవా భరించలేకపోయింది.

"అతనికి ఒక మాట చెప్పేసెయ్యవే!"

"ఏమని చెప్పను? అతను అడగలేదు."

"అతను ఏడాదికోసారి మాట్లాడే రకం. నువ్వే అడుగు."

ఓలీటా ఆ రోజే దాణా కొట్టుకి వెళ్లింది. ఎల్డన్ కోళ్ల మేత బస్తా భుజాన వేసుకుని ఉన్నాడు.

"ఎల్డన్, నన్ను పెళ్లి చేసుకుంటావా?"

బస్తా జారి నేల మీద పడి పిగిలింది. మేతంతా డోయిల్ బూట్ల మీదికి పారింది.

"ఇప్పుడేనా?" అన్నాడు ఎల్డన్. "పనయ్యేసరికి అయిదవుతుంది."

సెప్టెంబరులో చర్చిలో పెళ్లయింది. దొంగలు అప్పటికి పక్క కౌంటీలో పట్టుబడ్డారు. ఓలీటాకి ఏ మనిషి మీదా గురిపెట్టాల్సిన అవసరమే రాలేదు. పెళ్లి విందుకి వేయించిన క్యాట్‌ఫిష్ చేపలు పెట్టారు; షెరీఫ్ మూడుసార్లు వడ్డించుకున్నాడు. సాయంత్రం కొత్త పెళ్లికూతురు తానే ట్రక్కు నడుపుతానంది. అద్దాలు దించి, కొండదారిలో జోరుగా తోలుతూ, గొంతెత్తి పాడుకుంటూ పోయింది. పక్కన ఎల్డన్ ఒక చేత్తో టోపీని, ఒక చేత్తో తలుపుని పట్టుకుని, "మలుపు, ఓలీటా, మలుపు!" అని అరుస్తూ, కళ్లల్లో నీళ్లు వచ్చేలా నవ్వుతున్నాడు.